చూరులో సత్తు కంచం

ఈ మాటలు నేను చెబుతుంటే మా కోడలు సునీత రాస్తోంది. నాకు సంతకం వచ్చు, పాటల పుస్తకంలో అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చు, అంతే. వచ్చే వారం మా చర్చి స్త్రీల సమాజంలో నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. టీబీ జబ్బు చేసి, ఆరు నెలలు మందు మింగి లేచావు కదా, దేవుడు చేసిన మేలు చెప్పు దీనమ్మా అన్నారు అమ్మగారు, అంటే మా పాస్టరుగారి భార్య. మేలు చెప్పడం తేలికే. ఆ మేలు ఎవరి చేతి మీదుగా వచ్చిందో చెప్పడమే కష్టం. నిలబడి చెప్పలేను. ఆ రోజు సునీత చదువుతుంది, నేను అందరి మధ్యా చాప మీద కూర్చుని వింటాను. తల ఎత్తగలనో లేదో తెలియదు.

మాది దివిసీమలో సముద్రం గాలి తగిలే పల్లె. మా ఆయన పోయేనాటికి మా ప్రసాదు చంకలో పిల్లాడు. నాట్లకీ కోతలకీ వెళ్ళి వాణ్ణి పెంచాను. ఇప్పుడు ట్రాక్టరు తోలతాడు. వాడూ, సునీతా, వాళ్ళ కూతురు బ్లెస్సీ, నేనూ. కాలనీలో రెండు గదుల డాబా, ముందు వసారా, వెనక తాటాకు వంటపాక.

మా చర్చిలో పిడికిలి బియ్యం అని ఒక అలవాటు ఉంది. అన్నం వండే ప్రతిసారీ ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి విడిగా డబ్బాలో వేస్తాం. ఆదివారం ఆ బియ్యం చర్చికి తెస్తాం. వేరే ఊళ్ళలో ఏం చేస్తారో గానీ, మా ఊళ్ళో ఆ బియ్యం నా ఇంటికి వచ్చేది. పక్క పల్లెల నుంచి ఆరాధనకి నడిచి వచ్చినవాళ్ళకీ, ఎవరూ లేని ముసలివాళ్ళకీ, వాక్యం చెప్పడానికి కొత్తగా సేవకులు ఎవరైనా వస్తే వాళ్ళకీ ఆదివారం మధ్యాహ్నం భోజనం మా వసారాలోనే. పదేళ్ళు వండి పెట్టాను. ఆకలితో వచ్చినవాళ్ళని ఒక్కరిని కూడా తిప్పి పంపలేదు. ఇది నిజం. ఈ నిజం చూసుకునే నేను పాడైపోయాను.

ఒక్కొక్కటే కొనుక్కుంటూ ఇరవై నాలుగు స్టీలు కంచాలు కూడబెట్టాను. బందరులో గిన్నెల కొట్టాయన పేరు అంచు మీద కొట్టమంటారా అని అడిగితే, వద్దండి, లోపల నడిమధ్య కొట్టండి అన్నాను.

"అన్నం కింద మునిగిపోద్ది గదమ్మా పేరు?" అన్నాడు.

"తిన్నాక తేలుద్దిలే," అన్నాను.

ఆయనా నవ్వాడు, నేనూ నవ్వాను. అన్నం తినడం అయిపోయేసరికి ప్రతి ఒక్కరికీ కంచం అడుగున దీనమ్మ అని కనపడేది. సేవకులు కొందరు చదివి, "దేవుడు నిన్ను దీవించునుగాక దీనమ్మా" అనేవారు. నాకు కడుపు నిండిపోయేది.

నాంచారమ్మ మా ఇంటికి వచ్చింది తొంభై తొమ్మిదిలో. కాలవ గట్టు మీద పాకలో ఒక్కతీ ఉండేది. టీబీ అని తెలిసి మొగుడు పుట్టింటికి పంపేశాడు. పుట్టింట్లో వదినె గుమ్మం ఎక్కనివ్వలేదు. చర్చిలో ఆఖరి చాప మీద, గోడవారగా కూర్చునేది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక నా దగ్గరికి వచ్చి, మూడు బారల దూరంలో ఆగింది.

"అక్కా, మీ ఇంట్లో అన్నం పెడతారంట గదా. నేను రావచ్చా?"

"రా తల్లీ, ఎందుకు రాకూడదు?" అన్నాను. పది మందీ వింటున్నారు మరి.

వచ్చింది. నేను లోపలికి వెళ్ళి కంచాల బొత్తి దగ్గర నిలబడ్డాను. స్టీలు కంచం తీయలేదు. అటకమీద పాత సత్తు కంచం ఒకటి ఉంది, సొట్టలు పడింది. అందులో పెట్టాను. వసారాలో అందరి బంతిలో కాకుండా, కోళ్ళ గూడు పక్కన కూర్చోమన్నాను. తిన్నాక ఆమే కడుక్కుని, నేను చెప్పిన చోట, వంటపాక చూరులో తాటాకుల సందున దోపేది. మళ్ళీ ఆదివారం ఆమే తీసుకునేది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. నా చిన్నప్పుడు మా అమ్మతో ఆసాముల ఇంటికి కూలికి వెళ్తే, గొడ్లచావిడి చూరులో మా కోసం ఒక గ్లాసు ఉండేది. అది తీసి పట్టుకుంటే పైనుంచి మజ్జిగ పోసేవాళ్ళు. మళ్ళీ చూరులో పెట్టేటప్పుడు మా అమ్మ రోజూ ఏదో గొణిగేది. ఏమంటున్నావే అమ్మా అంటే, నీకెందుకే అనేది. చూరులో పెట్టిన గిన్నెకి అర్థం ఏమిటో నాకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. ఉప్పెన వచ్చి ఊరంతా కొట్టుకుపోయినప్పుడు ఎవరెవరి చేతి అన్నమో తిని బతికినదాన్ని. అన్నీ తెలిసి కూడా నా చెయ్యి చూరు వైపే చూపించింది.

అంతటితో ఆగలేదు. ఆ ఏడు మందిరంలో నిలబడి సాక్ష్యం చెప్పాను. అయినవాళ్ళు వెళ్ళగొట్టిన జబ్బు మనిషికి నా ఇంట్లో అన్నం పెడుతున్నాను, ప్రభువు నాకు ఆ మనసు ఇచ్చాడు అన్నాను. ఆఖరి చాప మీద ఆమె వింటూనే ఉంది.

ఒక ఆదివారం జనం ఎక్కువగా వచ్చారు. కంచాలు కడిగే చోట నాంచారమ్మ కూడా చెయ్యి వేసింది. తన కంచం కూడా తోమి, పొరపాటునో ఏమో, స్టీలు కంచాల బొత్తి మీద పెట్టింది. నేను చూశాను.

"నాంచారీ! ఏ కంచం ఎక్కడ పెట్టావే?"

"బూడిద పెట్టి గట్టిగా తోమానక్కా."

"తోమితే జబ్బు పోద్దా? పసిపిల్లలు తినే కంచాలవి. చనువిస్తే చంకెక్కుతున్నావు!"

వసారాలో రెండో బంతి వాళ్ళు తినడం ఆపేశారు. నాంచారమ్మ సత్తు కంచం తీసింది, చీర చెంగుతో తుడిచింది, వెళ్ళి చూరులో పెట్టింది, అటు నుంచి అటే వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. నేను ఆ ఇరవై నాలుగు కంచాలనీ మరిగిన నీళ్ళతో కడిగించాను. ఆమె బందరు వెళ్ళి మందు తీసుకుని బాగుపడిందనీ, మా ఊరి అంగన్‌వాడీలో ఆయాగా చేరిందనీ తర్వాత విన్నాను. దారిలో ఎదురైతే నేనే తల తిప్పుకునేదాన్ని.

ఇక నా జబ్బు సంగతి. రెండు వేల మూడు, వానలు వెనకబట్టాక మొదలైంది. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది. పొద్దున్న లేచేసరికి జాకెట్టు చెమటతో తడిసిపోయేది. దగ్గు. గాజులు మోచేతి దాకా జారిపోయేవి. అది ఏ దగ్గో నాకు అనుమానం రాకపోలేదు. నాలుగేళ్ళ క్రితం కోళ్ళ గూడు పక్కన విన్న దగ్గే. ఊళ్ళో తెలియకూడదని గుడివాడలో మా ఆడపడుచు ఇంటికి వెళ్ళి అక్కడ ఒక డాక్టరుకి చూపించుకున్నాను. ఆయన సీసా మందు రాసిచ్చి, తగ్గకపోతే బందరు పెద్దాసుపత్రిలో కళ్ళె పరీక్ష చేయించుకోమన్నారు. తగ్గలేదు. నేను వెళ్ళలేదు.

ఎందుకు వెళ్ళలేదంటే క్రిస్మస్ దగ్గరికొచ్చింది. క్రిస్మస్ విందు పదేళ్ళుగా నా చేతి మీదే జరుగుతోంది. జబ్బని తెలిస్తే వేరే వాళ్ళింట్లో పెడతారు. నా కంచాలు అడుగుతారేమో, నన్ను అడగరు. అందుకని నోటికి చెంగు అడ్డం పెట్టుకుని, నడుం పట్టుకుని, నూట యాభై మందికి వండాను, వడ్డించాను. బ్లెస్సీని నా పక్కలోనే పడుకోబెట్టుకున్నాను. ఇంతమందికి అన్నం పెట్టానని మురిసిపోయాను గానీ, ఇంతమంది మీదా దగ్గానని అనుకోలేదు. చదివేటప్పుడు ఈ మాట మింగకమ్మా సునీతా. గట్టిగా చదువు.

కొత్త సంవత్సరం వెళ్ళిన వారానికి దగ్గులో రక్తం పడింది. ప్రసాదు చూశాడు. మర్నాడే బస్సెక్కించి బందరు తీసుకెళ్ళాడు.

ఆసుపత్రి వరండాలో బల్ల మీద మూడు రోజులు కూర్చున్నాం. ఒకరోజు కళ్ళె ఇవ్వడానికి, ఒకరోజు ఎక్స్‌రే ఫొటో తీయించుకోవడానికి, ఒకరోజు వాళ్ళు చెప్పేది వినడానికి. రెండో రోజు ప్రసాదు ట్రాక్టరు పనికి వెళ్ళాల్సి వచ్చి నన్ను కూర్చోబెట్టి వెళ్ళాడు. పక్కన చేపలమ్ముకునే మనిషి ఒకామె కూర్చుంది. మధ్యాహ్నం క్యారేజీ విప్పి, మూతలో అన్నం, మెత్తళ్ళ కూర పెట్టి నా ఒళ్ళో పెట్టింది.

"వద్దమ్మా, నాకు దగ్గు," అన్నాను.

"ఇక్కడ దగ్గు లేనోళ్ళెవరున్నారు పిన్నీ? అదిగో, ఆ కాంపౌండరు కూడా దగ్గుతున్నాడు. తిను, చల్లారిపోద్ది."

తన క్యారేజీ మూత అది. మరో గిన్నె కోసం వెతకలేదు. ఆమె పేరైనా అడగలేదు నేను. అన్నం మాత్రం తిన్నాను.

టీబీయేనని చెప్పారు. మంచి మందులున్నాయమ్మా, ఆరు నెలలు మానకుండా మింగితే పోతుంది, మానితే మాత్రం మొండికేస్తుంది అని డాక్టరమ్మ చెప్పింది. ఇంట్లో చిన్నపిల్ల ఉందని విని బ్లెస్సీని కూడా తీసుకురమ్మన్నారు. దాని చేతికి సూది వేసి, వాస్తుందో లేదో చూడాలి, రెండ్రోజులు పోయాక రండి అన్నారు. ఆ రెండ్రోజులు నేను దేవుణ్ణి నా కోసం ఏమీ అడగలేదు. పిల్ల చెయ్యి వైపు చూసే ధైర్యం లేక గోడ వైపు తిరిగి పడుకున్నాను. వాయలేదు. దానికి ఏమీ లేదన్నారు. ప్రసాదు ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు. "క్రిస్మస్ ముందరే చెప్పొచ్చు గదమ్మా," అన్నాడు. ఆ ఒక్క మాటే అన్నాడు, ఇప్పటిదాకా మళ్ళీ అనలేదు.

ఇంటికొచ్చిన రోజు మధ్యాహ్నం సునీత వసారాలో నాకు అన్నం తెచ్చింది. చూశాను. సత్తు కంచం. నాలుగేళ్ళు చూరులోనే ఉండి మసిబట్టి, సాలెగూళ్ళు పట్టిన కంచాన్ని తోమి తెచ్చింది.

ఇక్కడికొచ్చేసరికి సునీత రాయడం ఆపింది. "ఇది కూడానా అత్తయ్యా?" అంటోంది. రాయమ్మా. నీ తప్పు కాదు. కాపురానికి వచ్చిన కొత్తలో ఆ కంచం ఏంటత్తయ్యా అని నువ్వడిగితే, జబ్బు వాళ్ళకి అని నేనే చెప్పాను. నువ్వు నేను నేర్పిందే చేశావు. మరి పిల్ల ఉంది ఇంట్లో. ఆ రోజు నేను కోళ్ళ గూడు పక్కన కూర్చుని తిన్నాను. ఎవరూ అక్కడ కూర్చోమనలేదు, కాళ్ళే అటు వెళ్ళాయి. ఆ కంచం సొట్టలో పులుసు ఒక పక్కకి చేరుతుంది, అన్నం ఒక పక్క ఎండుగా ఉంటుంది. నాంచారమ్మ దాన్ని మోకాలి మీద వాల్చి పెట్టుకుని ఎందుకు తినేదో అప్పుడు తెలిసింది.

ఆదివారం భోజనాలు అమ్మగారింటికి మారాయి. నా కంచాలు తీసుకెళ్ళారు. నన్ను చూడ్డానికి వచ్చినవాళ్ళు గేటు దగ్గరే నిలబడి ప్రార్థన చేసి వెళ్ళారు. వాళ్ళని తప్పు పట్టను. వాళ్ళకి పద్ధతి చూపించిందాన్ని నేనే.

మందులు చేతికివ్వరు. పేషెంటు పేరు రాసిన పెట్టె ఊళ్ళో ఒకరి దగ్గర ఉంచుతారు. వారానికి మూడు రోజులు వెళ్ళి వాళ్ళ ఎదురుగా మింగాలి. మా నర్సమ్మ ఆ సంగతి చెబుతూ, "మీ పెట్టె అంగన్‌వాడీలో ఆయా దగ్గర పెట్టానండి. ఆమెకీ ఒకప్పుడు ఇదే జబ్బు. బాగా చూసుకుంటుంది," అంది.

"ఇంకెవరూ లేరామ్మా?" అన్నాను.

"ఆమెకేమైందండీ?"

వెళ్తాలే అన్నాను.

మొదటి రోజు వెళ్ళాను. పిల్లలు ఉప్మా తింటున్నారు. నాంచారమ్మ నన్ను చూసి, ఏమీ తెలియనట్టు పెట్టె తీసి, ఏడు బిళ్ళలు అరచేతిలో పోసింది. తను తాగే స్టీలు గ్లాసు కుండలో ముంచి ఇచ్చింది. నేను గ్లాసు ఎత్తిపట్టి, పెదవులకి తగలకుండా తాగబోయాను. దగ్గొచ్చి నీళ్ళన్నీ మీద పోసుకున్నాను.

"కరిచి తాగు దీనమ్మక్కా. గ్లాసేమీ అరిగిపోదు," అంది.

నాలుగు రోజులు అలా వెళ్ళాను. బిళ్ళలు వేసుకుంటే కడుపులో తిప్పేది, ఒంటికి వెళ్తే ఎర్రగా వచ్చి హడలిపోయాను. ఆ భయం ఒక వంక అయింది నాకు. అసలు సంగతి ఆ గ్లాసు. అది పట్టుకోలేకపోయాను. వెళ్ళడం మానేశాను. చచ్చిపోతే పోతాను గానీ ఆ మనిషి చేతి నీళ్ళు తాగలేను అనుకున్నాను. ఇది కూడా గర్వమేనని తెలియలేదు.

రెండు పూటల మందు తప్పింది. రెండోది తప్పిన మర్నాడు మధ్యాహ్నం పెట్టె చంకన పెట్టుకుని నాంచారమ్మ మా ఇంటికే వచ్చేసింది. నాలుగేళ్ళ తర్వాత మా వాకిట్లో అడుగు పెట్టింది. నేను కోళ్ళ గూడు పక్కన కూర్చుని అన్నం తింటున్నాను. ఒళ్ళో ఆ కంచం.

ఆమె నా మొహం వైపు చూడలేదు. కంచాన్నే చూసింది. ఎంతసేపో చూసింది.

"ఇంకా ఉందా అది?" అంది.

నాకు అన్నం ముద్ద నోట్లోనే ఉండిపోయింది. భూమి చీలి లోపలికి తీసుకుంటే బాగుండుననిపించింది. తిట్టినా బాగుండేది. ఆమె నా ఎదురుగా మట్టిలో చతికిలబడి కూర్చుంది, నా చేతిలోంచి కంచం తీసుకుని పక్కన పెట్టింది, బిళ్ళలు పోసింది. సునీతని పిలిచి, "అమ్మాయ్, ఈ జబ్బు కంచంలో అంటదు, గాలిలో అంటుద్ది. దగ్గేటప్పుడు గుడ్డ అడ్డం పెట్టుకుంటే చాలు. కంచాలు వేరు చెయ్యక్కర్లేదని డాక్టర్లే చెప్పారు. ఆమెకి మామూలు కంచంలో పెట్టు," అంది. ఆ మాట తొంభై తొమ్మిదిలో నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినేదాన్ని కాదు, అది వేరే సంగతి.

ఆ తర్వాత ఒక్క పూట కూడా మానలేదు. పరగడుపున వస్తే తిప్పుద్దని నా కోసం గంజి ఉంచేది. ఒక్కోరోజు ఉడకబెట్టిన గుడ్డు. ఎండాకాలానికి ఒళ్ళు కాస్త వచ్చింది. గాజులు మణికట్టు దగ్గర ఆగాయి. ఆ పాత సంగతి మాత్రం ఇద్దరం ఎత్తలేదు. ప్రతిసారీ అందామనుకుని వెళ్ళేదాన్ని, బిళ్ళలతో పాటే మింగేసి వచ్చేదాన్ని.

పెట్టెలో ఆఖరి బిళ్ళలు అయిపోయిన రోజు అడిగేశాను. "నాంచారమ్మా, నన్ను క్షమించు. పది మందిలో నిన్ను అంత మాట అన్నాను."

ఆమె పిల్లల గిన్నెలు అన్నీ సర్దింది. తర్వాత అంది: "నేనో మాట చెబుతా, నన్ను కొట్టకు. ఆ రోజు ఇంటికెళ్ళి మోకాళ్ళేశాను. దీనమ్మకి కూడా ఈ జబ్బు రావాలి, ఆ కంచంలోనే తినాలి ప్రభువా అని అడిగాను. అప్పటిదాకా నాకు ప్రార్థన చెయ్యడం రాదు. అదే నా మొదటి ప్రార్థన."

నేను గోడకి ఆనుకుని కూర్చున్నాను.

"ఆ రోజు మీ వాకిట్లో నిన్ను అలా చూశాక మూడు రోజులు అన్నం తినలేదక్కా. జరిగింది చూసి భయమేసింది. అందుకే గుడ్డు పెట్టాను, ఇంకేం లేదు."

ఇద్దరం ఏడ్చాం. మధ్యలో ఆమే నవ్వింది. "మొదటి ప్రార్థనకే అంత బలమా? మీ పాస్టరుగారికి చెప్పకు, నన్ను వేదిక ఎక్కిస్తారు."

ఇదంతా సాక్ష్యంలో రాయించుకోవచ్చా అని అడిగితే, రాయించుకో, నా పేరు కూడా రాయించు, కానీ నా ప్రార్థన సంగతి దాచకు అంది. ఒక్కదాన్నే మంచిదాన్ని చెయ్యకు అంది. అందుకే దాచలేదు.

పోయిన ఆదివారం ఆమెని మా ఇంటికి భోజనానికి పిలిచాను. వస్తుందనుకోలేదు. వచ్చింది. సత్తు కంచం కోసం చూరు వైపు చూసింది. ప్రసాదు దాన్ని ఎప్పుడో తీసి, కోళ్ళకి నీళ్ళు పోసే చోట పెట్టాడు. వసారాలో నడిమధ్య చాప వేసి, నా ఎదురుగా కూర్చోబెట్టి, అమ్మగారింటి నుంచి తెప్పించుకున్న నా స్టీలు కంచం ఒకటి పెట్టాను. ఆమె చదువుకోలేదు. వేలితో నడిమధ్య ఉన్న అక్షరాలు తడిమింది.

"ఏంటక్కా ఈ గీతలు?"

"నా పేరు," అన్నాను. చెప్పడానికి సిగ్గేసింది.

"అన్నం పెట్టేది నువ్వేనని తినేవాళ్ళకి తెలవదా ఏంటి?" అంది. ఎగతాళిగానే అంది, కోపంగా కాదు. సునీత కిసుక్కున నవ్వి లోపలికి వెళ్ళిపోయింది.

పేరు కనపడకుండా అన్నం వడ్డించాను. చేపల పులుసు పోశాను. కడుపునిండా తిన్నది, రెండోసారి కూడా అడిగి పెట్టించుకుంది. నాకు సంతోషమేసింది. కంచం చుట్టూ అంతా తిని, నడిమధ్యలో పిడికెడు అన్నం మాత్రం అలాగే ఉంచి, చాలక్కా అని చెయ్యి కడుక్కుంది.

నిజంగా కడుపు నిండే వదిలేసిందో, ఎందుకు వదిలేసిందో నేను అడగలేదు. ఆమె వెళ్ళాక ఆ కంచం ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఆ పిడికెడు అన్నం నేనే తిన్నాను.